సముద్రానికి పట్టిన ప్లాస్టిక్ జబ్బు - మందు మన ఇంట్లోనే వుంది

గత వర్షాకాలంలో ఒక సోమవారం. ఓ.పి. కిటకిటలాడుతోంది. యాభై దాటిన ఒక మత్స్యకారుడు కుడి భుజం నొప్పితో వచ్చాడు. చెయ్యి తల మీదికి ఎత్తలేకపోతున్నాడు.

"వల బరువుగా లాగావా?" అని అడిగాను.

"బరువే బాబూ! చేపల బరువైతే బాధ లేదు. సగం కవర్లే. లాగీ లాగీ భుజం పోయింది" అన్నాడు.

నేను నవ్వి చీటీ రాయబోయాను. అతను నవ్వలేదు. చొక్కా జేబులోంచి ఏదో తీసి నా బల్ల మీద పెట్టాడు. అరచేతిలో ఇమిడే చిన్న ప్లాస్టిక్ కవరు. దాని మీద ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని అచ్చు వేసి వుంది. మా ఆసుపత్రిలో మాత్రలు వేసి ఇచ్చే కవరే అది.

"మొన్న వలలో పడింది బాబూ. ఒకటి కాదు, నాలుగైదు. మా వాళ్ళు పారేసినవి కొన్ని వుంటాయి, కాదనను. కానీ వలలో పడేవన్నీ మావి కావు. మీ ఊళ్ళవి" అన్నాడు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. నీళ్ళు కాచి తాగండి, చేతులు కడుక్కోండి అని పాతికేళ్ళ పైబడి ఊరందరికీ చెబుతూ వస్తున్నాను. నా చీటీ మీద ఇచ్చిన మాత్రల కవరు ఎక్కడికి పోతోందో ఏనాడూ ఆలోచించలేదు. ఆ రోజు రోగే డాక్టరుకి చీటీ రాసి ఇచ్చినట్టయింది.

ఆరోగ్య శీర్షికలో సముద్రం గొడవ ఎందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. మాకు సముద్రం వంద మైళ్ళ దూరం, మాకేమిటి సంబంధం అని మరికొందరు అనుకోవచ్చు. సంబంధం వుంది. ఈ జబ్బు పుట్టేది మన వంటింట్లో. ముదిరేది సముద్రంలో. తిరిగి వచ్చేది మన కంచంలోకి.

జబ్బు ఎక్కడ మొదలవుతుంది?

హైదరాబాదులో ఒక ఇల్లాలు పాల పాకెట్టు మూల కత్తిరిస్తుంది. ఆ చిన్న ముక్క సింకులోంచో, చెత్తలోంచో వీధి కాలువలో పడుతుంది. వాన వస్తే కాలువ నాలాలో కలుస్తుంది. నాలా మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కరీంనగర్ పక్కన పారే మానేరు గోదావరిలోకి, గోదావరి అంతర్వేది దగ్గర సముద్రంలోకి పోతుంది. విజయవాడ నడిబొడ్డున పారే బందరు కాలువ సంగతీ అంతే. దారిలో ఆనకట్టలు, తూములు, తుప్పలు కొంత చెత్తను ఆపుతాయి. కానీ వరద వచ్చిన రోజున, ఎండాకాలమంతా పోగైన చెత్తను నీళ్ళు ఒక్కసారిగా ఊడ్చుకుపోతాయి.

2015లో శాస్త్రజ్ఞులు ఒక లెక్క వేశారు. 2010లో భూమి మీది నుంచి సముద్రాల్లోకి చేరిన ప్లాస్టిక్ 48 లక్షల టన్నులకూ, 1 కోటీ 27 లక్షల టన్నులకూ మధ్య వుంటుందని తేల్చారు. నడుమ లెక్క చూసుకుంటే 80 లక్షల టన్నులు. ఇందులో ఎక్కువ భాగం ఏవో కొన్ని మహానదులే మోసుకుపోతున్నాయని అంతకు ముందు అనుకున్నారు. 2021లో జరిగిన మరో పరిశీలనలో, నదులు మోసే ప్లాస్టిక్‌లో 80 శాతం వెయ్యికి పైగా నదుల వాటా అని తేలింది. అందులో పట్టణాల మధ్య పారే చిన్న చిన్న నదులే ఎక్కువ. అంటే మన ఊరి వాగు కూడా ఈ నేరంలో భాగస్వామి కావచ్చు.

కరగని మాత్ర

1933లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. కంపెనీ ప్రయోగశాలలో ఏదో చేయబోతే ఏదో అయినట్టు, పాత్ర అడుగున తెల్లని మైనం లాంటి పదార్థం మిగిలింది. అదే పాలిథిన్. ఈనాడు మన చేతిలో వేలాడే కవరు దాని సంతానమే. 1950లో ప్రపంచమంతా కలిసి తయారు చేసిన ప్లాస్టిక్ 20 లక్షల టన్నులు. ఇప్పుడు ఏడాదికి 40 కోట్ల టన్నులు దాటింది. 2015 వరకు చెత్తగా మారిన ప్లాస్టిక్‌లో తిరిగి వాడకానికి వచ్చింది 9 శాతమే. 12 శాతం కాల్చేశారు. మిగిలిన 79 శాతం చెత్తగుట్టల్లో, నేల మీద, నీళ్ళలో వుండిపోయింది.

ఎందుకు వుండిపోయింది? అరటి తొక్క పారేస్తే సూక్ష్మజీవులు దాన్ని తిని మట్టి చేస్తాయి. పాలిథిన్‌ను అరిగించుకునే శక్తి వాటికి దాదాపు లేదు. మింగిన మాత్ర కడుపులో కరగకుండా అలాగే వుండిపోతే ఎలా వుంటుందో ఊహించండి. భూమికి ఇప్పుడు ఆ స్థితి వచ్చింది.

ఎండకు, అలల తాకిడికి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఎండలో ఏళ్ళ తరబడి వున్న బకెట్ అంచు పట్టుకుంటే పెళ్ళలు పెళ్ళలుగా రాలడం మీరు చూసే వుంటారు. సముద్రంలోనూ అంతే. ముక్క పది ముక్కలవుతుంది, పది వేయి అవుతాయి. పోదు, చిన్నదవుతుంది. అయిదు మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కలను మైక్రోప్లాస్టిక్ అంటారు. 2004లో రిచర్డ్ థాంప్సన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ సముద్రపు ఇసుకలో ఇవి ఎంతగా కలిసిపోయాయో చూపిన తర్వాత ఆ పేరు వాడుకలోకి వచ్చింది. పెద్ద కవరును చేత్తో ఏరవచ్చు. ఇసుక రేణువంత ముక్కను ఏరడం ఎవరి తరం?

తాబేలు చేసే పొరపాటు

ఏటా చలికాలం చివర మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలకు లక్షల సంఖ్యలో వస్తాయి. వీటికి జెల్లీ చేప ఇష్టమైన తిండి. నీళ్ళలో తేలుతున్న తెల్ల కవరు అచ్చం జెల్లీ చేపలాగే కనిపిస్తుంది. మింగుతుంది. పేగుకు అడ్డం పడుతుంది. మనిషికి పేగు అడ్డం పడితే ఆపరేషన్ థియేటరుకు తీసుకుపోతాం. తాబేలును ఎవరు తీసుకుపోతారు?

2019 మార్చిలో ఫిలిప్పీన్స్ తీరంలో ఒక తిమింగలం చచ్చిపోయింది. కడుపు కోసి చూస్తే 40 కిలోల ప్లాస్టిక్ బయటపడింది. చాలా భాగం సంచులే. కడుపు నిండా వుంది, అయినా అది ఆకలితో చచ్చింది. మన వీధుల్లో తిరిగే ఆవు కూడా చేసే పొరపాటు ఇదే. కవరులో కట్టి పారేసిన అన్నం వాసనకు ఆవు కవరుతో సహా మింగుతుంది. పశువైద్యులు ఆవుల కడుపులు కోసి పదుల కిలోల ప్లాస్టిక్ తీసిన సంఘటనలు మన రాష్ట్రాల్లోనే వున్నాయి.

తెగిపోయిన నైలాన్ వలలది మరో కథ. పట్టేవాడు లేకపోయినా అవి నీళ్ళలో తేలుతూ చేపలనూ, తాబేళ్ళనూ పడుతూనే వుంటాయి. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో తేలే పెద్ద చెత్త మేటను 2018లో తూకం కట్టి చూస్తే, బరువులో దాదాపు సగం చేపల వేటకు వాడే వలలూ, తాళ్ళూ వగైరాలే.

తిరిగి మన కంచంలోకి

సముద్రపు నీరు ఎండగట్టి ఉప్పు చేస్తాం. నౌపడా, చినగంజాం ఉప్పు మన ఇళ్ళకు కొత్త కాదు. మన దేశపు సముద్రపు ఉప్పులో మైక్రోప్లాస్టిక్ రేణువులున్నాయని 2018లో బొంబాయి ఐ.ఐ.టి. పరిశోధకులు చూపారు. 2021లో ఇటలీలో ఆరుగురు బాలింతల మాయను పరీక్షిస్తే నలుగురిలో ఈ రేణువులు కనిపించాయి. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో కనిపించాయి.

2024లో ఇటలీ వైద్యులు ఇంకో సంగతి బయటపెట్టారు. మెడలోని రక్తనాళంలో కొవ్వు పేరుకుంటే ఆపరేషన్ చేసి తీస్తారు. అలా తీసిన కొవ్వును 257 మందిలో పరీక్షించారు. సగం కంటే ఎక్కువ మందిలో పాలిథిన్ రేణువులున్నాయి. సుమారు మూడేళ్ళ పాటు వీరిని గమనిస్తే, రేణువులున్న వారిలో గుండెపోటు, పక్షవాతం, మరణం దాదాపు నాలుగున్నర రెట్లు ఎక్కువగా వచ్చాయి.

ఇక్కడ ఒక మాట. దీన్ని చదివి కంగారు పడవద్దు. రెండు సంగతులు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని వైద్యశాస్త్రం ఒప్పుకోదు. ప్లాస్టిక్ వల్లనే గుండెపోటు వచ్చిందని ఈ పరిశీలన రుజువు చేయలేదు, అనుమానానికి గట్టి ఆధారం ఇచ్చింది. అనుమానం వున్నప్పుడు జాగ్రత్త పడటం తెలివైన పని. అంతే.

"అయితే చేపలు మానేయమంటారా?" అని అడుగుతారు. వద్దు. చేప మంచి మాంసకృత్తులున్న ఆహారం, గుండెకు మేలు చేసే కొవ్వు వున్న ఆహారం. చేప మింగిన రేణువులు ఎక్కువగా దాని పేగుల్లో వుంటాయి. కడుపు శుభ్రంగా తీసి, బాగా కడిగి వండుకోండి. నెత్తళ్ళ లాంటి చిన్న చేపలను కూడా వీలైనంత వరకు తల, పొట్ట గిల్లి వండండి.

సముద్రం దాకా పోకముందే

మైక్రోప్లాస్టిక్ సంగతి అలా వుంచండి. ప్లాస్టిక్ సముద్రం దాకా పోకముందే మనల్ని జబ్బు చేస్తుంది. ఈ సంగతి నాకు ఓ.పి.లో రోజూ కనిపిస్తుంది.

కవర్లు అడ్డం పడి మురుగు నిలిచిన కాలువలో క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. బోదకాలు తెచ్చేది అదే. కొబ్బరిచిప్ప, టీ కప్పు, సీసా మూత - వీటిలో నిలిచిన గుక్కెడు వాననీరు చాలు, డెంగ్యూ తెచ్చే ఈడిస్ దోమ గుడ్లు పెట్టడానికి. వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది.

కాలువలు పూడితే ఊరే మునుగుతుంది. 2005 జూలై 26న బొంబాయిలో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వానకు ఏ ఊరైనా మునుగుతుంది. కానీ నీరు తియ్యకుండా కాలువలకు అడ్డం పడిన వాటిలో ప్లాస్టిక్ సంచులు ముఖ్యమైనవి. 1988, 1998 వరదల్లో ఇదే అనుభవం చూసిన బంగ్లాదేశ్ 2002లో పల్చటి పాలిథిన్ సంచులను పూర్తిగా నిషేధించింది.

ఇక కాల్చడం. ఆ మధ్య ఒక తల్లి ఆరేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చింది. తెల్లవారుజామున పిల్లికూతలతో ఆయాసం. మూడు నెలలుగా మందులు వాడుతున్నా తగ్గడం లేదు. అన్నీ అడిగాక, చివరికి నీళ్ళ పొయ్యి దగ్గరికి వచ్చింది కథ. "కవరు ముక్క వేస్తే పొయ్యి గబుక్కున అంటుకుంటుందండీ" అన్నది ఆమె. రోజూ ఆ పొయ్యి పక్కనే పిల్లవాడు చలి కాగుతున్నాడు! ప్లాస్టిక్ పొగ ఊపిరితిత్తుల్ని రేపుతుంది. అందులో పి.వి.సి. వుంటే ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లు అనే విషాలు కూడా పుడతాయి. ఆమె పొయ్యిలో కవర్లు మానేసింది, పీల్చే మందు సరిగ్గా వాడింది. నెల తర్వాత పిల్లవాడు బడికి పోతూ కనిపించాడు.

ప్లాస్టిక్ అంతా చెడ్డదేనా?

కాదు. నేను చదువుకునే రోజుల్లో గాజు సిరంజిలను నీళ్ళలో మరిగించి మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళం. ఈనాడు ఒకసారి వాడి పారేసే సిరంజి వల్ల ఒకరి రక్తంలోని జబ్బు మరొకరికి అంటే ప్రమాదం ఎంతో తగ్గింది. రక్తపు సంచీ, సెలైన్ గొట్టం ప్రాణాలు కాపాడుతున్నాయి. పదేళ్ళు వాడే బకెట్‌తో పేచీ లేదు. పది నిమిషాలు వాడి, వందల ఏళ్ళు భూమి మీద వదిలేసే కవరుతోనే పేచీ.

ఇక మందు చీటీ

1. గుడ్డ సంచీని తలుపు వెనక మేకుకు తగిలించండి. మరొకటి స్కూటరు డిక్కీలో పెట్టండి. సంచీ బీరువాలో వుంటే లాభం లేదు, బజారుకు వెళ్ళేటప్పుడు చేతికి తగలాలి.

2. పాల పాకెట్టు మూల పూర్తిగా తెగకుండా, ముక్క పాకెట్టుకే వేలాడేలా కత్తిరించండి. ఖాళీ పాకెట్టు కడిగి, ఆరబెట్టి, పాత సామాన్లు కొనేవాడికి ఇవ్వండి.

3. కర్రీ పాయింటుకు, టిఫిన్ హోటలుకు స్టీలు క్యారేజీ పట్టుకెళ్ళండి. పొగలు కక్కే సాంబారు, టీ ప్లాస్టిక్ కవరులో పోయించుకోకండి. వేడికి ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఆహారంలోకి దిగుతాయి. కాగితం కప్పు అని ధైర్యపడకండి, దాని లోపల పల్చటి ప్లాస్టిక్ పొర వుంటుంది. వేడి నీళ్ళు పావుగంట అందులో వుంటే వేల రేణువులు దిగుతాయని 2020లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వారు చూపారు. గాజు గ్లాసే మేలు.

4. ప్రయాణానికి నీళ్ళ సీసా ఇంటి నుంచే తీసుకెళ్ళండి. మన పెద్దలు మరచెంబు లేకుండా రైలెక్కేవారా?

5. పెళ్ళికీ, పుట్టినరోజుకీ విస్తరాకులూ, అరిటాకులూ, స్టీలు గ్లాసులూ పెట్టించండి. వంటవాడితో బేరం మాట్లాడేటప్పుడే ఈ మాట చెప్పండి. ఆ రోజు చెబితే జరగదు.

6. షాంపూ, పచ్చళ్ళ చిన్న పాకెట్లు వీలైనంత తగ్గించండి. వాటిలో రెండు మూడు రకాల పొరలు అతికి వుంటాయి. అందుకే పాత సామాన్లవాడు కూడా వాటిని ముట్టుకోడు. నెలకొక సీసా కొనుక్కోండి. కుంకుడుకాయ అయితే మరీ మంచిది.

7. తడిచెత్త, పొడిచెత్త విడిగా వుంచండి. మిగిలిన అన్నం కవరులో మూట కట్టి పారేయకండి. మునిసిపాలిటీ బండి రాకపోతే వార్డులో అడగండి, కానీ కాలువలో వేయకండి. కాల్చకండి.

8. కార్తీక దీపాన్ని థర్మోకోల్ పళ్ళెంలో పెట్టి నదిలో వదలకండి. అరటి దొప్ప వుంది కదా! వినాయకుడి పత్రినీ, పువ్వులనూ నీళ్ళలో కలిపేటప్పుడు కవరుతో సహా విసరకండి. నదికి దణ్ణం పెట్టిన చేత్తోనే చెత్త వేయడం ఏం భక్తి?

ఒకటి గుర్తు పెట్టుకోండి. గుడ్డ సంచులు డజన్లు కొని మూల పడేస్తే అదీ దండగే. ఒక సంచీ చిరిగేదాకా వాడాలి.

చట్టం, చలాకీ వున్న మనుషులు

2022 జూలై 1 నుంచి మన దేశంలో ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, పళ్ళేలు, కప్పులు, అలంకరణకు వాడే థర్మోకోల్ వంటి వస్తువులను నిషేధించారు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి చేతి సంచులు కూడా వుండకూడదు. అయినా కూరగాయల బండి మీద పల్చటి కవరు కనిపిస్తూనే వుంది. బండివాణ్ణి ఒక్కణ్ణే అనడం న్యాయం కాదు. "కవరు ఇవ్వకపోతే పక్క బండికి పోతారండీ" అంటాడు అతను. అది నిజమే. అడగడం మనం మానితే ఇవ్వడం అతను మానుతాడు.

చేయగలిగిన వాళ్ళు చేస్తున్నారు. కేరళలో కొల్లం దగ్గరి మత్స్యకారులు 2017 నుంచి వలలో పడిన ప్లాస్టిక్‌ను తిరిగి నీళ్ళలో వేయకుండా ఒడ్డుకు తెచ్చారు. దాన్ని కడిగి, తురిమి, రోడ్లు వేయడానికి పంపారు. బొంబాయిలో వెర్సోవా తీరాన్ని 2015 నుంచి అఫ్రోజ్ షా అనే యువ న్యాయవాది ఇరుగుపొరుగును కూడగట్టి వారం వారం శుభ్రం చేశారు. 2018లో ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లే పిల్లలు గుడ్లలోంచి బయటపడి సముద్రంలోకి నడిచాయి.

మా ఆసుపత్రి సంగతి కూడా చెప్పాలి. ఆ మత్స్యకారుడు వెళ్ళిన తర్వాత ఫార్మసిస్టుతో మాట్లాడాను. "కాగితం పొట్లమైతే వానలో తడుస్తుంది సార్" అన్నాడు. అది సబబైన మాటే. ఇప్పుడు మాత్రలు కాగితం కవరులో ఇస్తున్నాం, ఇంటి నుంచి చిన్న డబ్బా తెచ్చుకోమని రోగులకు చెబుతున్నాం. సగం మంది తెస్తున్నారు. మిగిలిన సగం మందికి మళ్ళీ చెబుతున్నాం.

ఆరు వారాల తర్వాత అతను తిరిగి వచ్చాడు. చెయ్యి చెవి దాకా లేస్తోంది. ఈసారి జేబులోంచి చిన్న స్టీలు డబ్బా తీశాడు.

"వలలో కవర్లు తగ్గాయా?" అని అడిగాను.

"ఎక్కడ బాబూ! అలాగే పడుతున్నాయి" అన్నాడు.

నిజమే. ఇది రక్తపోటు లాంటి దీర్ఘవ్యాధి. ఒక్క మాత్రతో తగ్గదు. రోజూ వేసుకోవాలి, ఇంటిల్లిపాదీ పథ్యం పాటించాలి. రేపు ఉదయం పాల పాకెట్టు కత్తిరించేటప్పుడు మొదటి మోతాదు మొదలుపెట్టండి.